హెచ్‌టీటీపీ/2, హెచ్‌టీటీపీ/3ల వ్యాప్తి

హెచ్‌టీటీపీ/2 మరియు హెచ్‌టీటీపీ/3 అనునవి వెబ్‌సైట్ల నుండి బ్రౌజర్లకు (విహరిణులకు) సమాచారాన్ని చేరవేసే హెచ్‌టీటీపీ నియమావళి యొక్క కొత్త రూపాలు. హెచ్‌టీటీపీ అనగా హైపర్‌టెక్స్ట్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ (ఐఈటీఎఫ్) వీటిలో మొదటిదానిని 2015 మే నెలలోను, రెండవదానిని 2022 జూన్ నెలలోను ప్రమాణాలుగా ప్రచురించింది. అంతకు ముందు, 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ/1.1 పద్దెనిమిదేళ్ళ పాటు దాదాపు ఒంటరిగా వెబ్ భారాన్ని మోసింది.

ఈ మార్పు పాఠకుడి కంటికి కనబడదు. చిరునామా పట్టీలో ఏ తేడా ఉండదు. పేజీ కాస్త త్వరగా తెరుచుకుంటుంది, అంతే. వెబ్‌సైట్ల యజమానులు ఒక్కొక్కరుగా ఆలోచించి కొత్త పద్ధతికి మారిన సందర్భాలు కూడా తక్కువే. కొద్ది సంఖ్యలో ఉన్న బ్రౌజరు తయారీదారులు, సర్వరు సాఫ్ట్‌వేరు రచయితలు, పంపిణీ సంస్థలు తమ చోట మార్పు చేయగా లక్షల సైట్లు దానంతట అవే మారిపోయాయి. వారి సాఫ్ట్‌వేరులో ఏదైనా లోపించినప్పుడు అంతే సంఖ్యలో సైట్లు వెనుకబడిపోయాయి. దీని వలన కలిగిన మేలు సైతం అందరికీ ఒకే పాళ్ళలో అందలేదు. సర్వర్లకు దగ్గరగా, మంచి నెట్‌వర్కుపై ఉన్నవారికి కొద్దిగాను, దూరంగా, బలహీనమైన నెట్‌వర్కుపై ఉన్నవారికి ఎక్కువగాను అందింది. భారతదేశం ఈ రెండవ కోవలోకి వచ్చింది.

పాత పద్ధతి

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి హెచ్‌టీటీపీ (1991) చాలా చిన్నది. బ్రౌజరు ఒకే పంక్తిలో ఫలానా పత్రం కావాలని అడిగేది. సర్వరు ఆ పత్రాన్ని పంపి అనుసంధానాన్ని తెంచివేసేది. హెడర్లు లేవు, దోషాలను తెలిపే సంఖ్యలు లేవు. దీనికి తరువాతి కాలంలో 0.9 అనే సంఖ్యను తగిలించారు. 1996 మే నెలలో 1.0, 1997 జనవరిలో 1.1 వచ్చాయి. 1.1ను సవరించి 1999 జూన్ నెలలో ఆర్‌ఎఫ్‌సీ 2616 అనే పత్రంగా మళ్ళీ ప్రచురించారు.

1.1 తెచ్చిన మార్పులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, ప్రతి అభ్యర్థనలోను సైటు పేరు చెప్పడం తప్పనిసరి అయింది. దీని వలన ఒకే ఐపీ చిరునామాపై వందల సైట్లను నడపడం సాధ్యమై, చవకైన హోస్టింగు వ్యాపారం పెరిగింది. రెండవది, ఒక పత్రం అందిన తరువాత అనుసంధానాన్ని తెంచకుండా తరువాతి పత్రానికి కూడా దానినే వాడుకోవచ్చును.

అయితే ఒక అనుసంధానంపై ఒక సమయంలో ఒకే అభ్యర్థన నడుస్తుంది. రైల్వే రిజర్వేషను కౌంటరు వద్ద ముందున్న మనిషి పదిమందికి టిక్కెట్లు తీసుకుంటూ ఉంటే, వెనుక ఒక్క టిక్కెట్టు కావలసినవాడు కూడా నిలబడవలసిందే. వెబ్ పేజీలో ఒక పెద్ద బొమ్మ వెనుక ఒక చిన్న శైలి ఫైలు చిక్కుకుంటే అదే పరిస్థితి. జవాబు రాకముందే వరుసగా అనేక అభ్యర్థనలు పంపే వీలు (పైప్‌లైనింగు) 1.1లో ఉన్నది గానీ, జవాబులు అడిగిన వరుసలోనే రావాలి. పైగా దారిలో ఉండే అనేక ప్రాక్సీ సర్వర్లు దీనిని సరిగా అర్థం చేసుకోలేకపోయాయి. అందువలన ప్రధాన బ్రౌజర్లు దానిని ఆపివేసే ఉంచాయి.

వరుస ఒకటి చాలకపోతే కౌంటర్లు పెంచడమే దారి. ఆర్‌ఎఫ్‌సీ 2616 ఒక సర్వరుకు రెండు అనుసంధానాలకు మించవద్దని సూచించగా, బ్రౌజర్లు ఆ సంఖ్యను ఆరు వరకు పెంచాయి. అదీ చాలక వెబ్ రూపకర్తలు రకరకాల ఉపాయాలు పన్నారు. బొమ్మలను రెండు మూడు ఉపడొమైన్లకు పంచి, వేరు వేరు సైట్లవలె చూపి, బ్రౌజరు చేత మరిన్ని అనుసంధానాలు తెరిపించేవారు. పదుల కొద్దీ చిన్న గుర్తులను ఒకే పెద్ద బొమ్మగా అతికి, కావలసిన ముక్కను మాత్రమే తెరపై చూపేవారు. అనేక స్క్రిప్టులను కలిపి ఒకే ఫైలుగా చేసేవారు. 2000వ దశకంలో వెబ్ అభివృద్ధి నేర్చుకున్నవారికి ఇవి మంచి అలవాట్లుగా బోధింపబడ్డాయి. నిజానికి ఇవి నియమావళిలోని లోపానికి వేసిన అతుకులు. ఒక్క గుర్తు మారితే మొత్తం బొమ్మను మళ్ళీ దింపుకోవలసి వచ్చేది.

దూరము, రానుపోను సమయము

వెబ్ పేజీ ఆలస్యమవడానికి బ్యాండ్‌విడ్తు తక్కువగా ఉండటమే కారణమని సాధారణంగా అనుకుంటారు. చిన్న చిన్న ఫైళ్ళతో నిండిన పేజీల విషయంలో అసలు కారణం చాలాసార్లు దూరమే. ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుండి అమెరికా తూర్పు తీరానికి సుమారు 13 వేల కిలోమీటర్లు. కేబులు తిన్నగా వేసి ఉన్నదనుకున్నా, ఒక ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావడానికి 130 మిల్లీసెకండ్లు పట్టును. వాస్తవంలో సముద్రగర్భ కేబుళ్ళు వంకరలు తిరుగుతాయి, మధ్యలో రౌటర్లు ఉంటాయి, కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎంత డబ్బు ఖర్చు పెట్టి ఎంత పెద్ద బ్యాండ్‌విడ్తు కొన్నా ఈ సమయం తగ్గదు.

కనుక ఒక నియమావళి మంచిచెడ్డలను తూచేటప్పుడు, పని ప్రారంభం కావడానికి ఎన్ని రానుపోనులు కావాలి అన్నదే మొదట చూడవలసిన సంగతి. పాత పద్ధతిలో టీసీపీ అనుసంధానం కుదరడానికి ఒకటి, దానిపై టీఎల్‌ఎస్ 1.2 సంకేత భద్రత ఏర్పరచుకోవడానికి రెండు, మొత్తం మూడు రానుపోనులు జరిగిన తరువాత గానీ బ్రౌజరు తన అసలు ప్రశ్నను అడగలేదు.

స్పీడీ నుండి హెచ్‌టీటీపీ/2

2009 నవంబరులో గూగుల్ సంస్థ స్పీడీ అనే ప్రయోగాత్మక నియమావళిని ప్రకటించింది. మైక్ బెల్షీ, రోబెర్టో పియాన్ దీని రూపకర్తలు. ప్రయోగశాల పరీక్షలలో ప్రముఖ సైట్లు 55 శాతం వరకు త్వరగా తెరుచుకున్నాయని అప్పట్లో తెలిపారు. బ్రౌజరు (క్రోమ్), సైట్లు రెండూ గూగుల్ చేతిలోనే ఉండటం వలన, ఎవరి అనుమతీ అవసరం లేకుండా నిజమైన వాడుకరులపై దీనిని పరీక్షించగలిగింది. ఇతర పరిశోధకులకు ఈ సౌకర్యం లేదు. 2012లో ఫైర్‌ఫాక్స్ కూడా స్పీడీని చేర్చుకుంది, ట్విట్టర్ వంటి సైట్లు దానిని అమలు చేశాయి. అదే సంవత్సరం ఐఈటీఎఫ్ కార్యవర్గం కొత్త హెచ్‌టీటీపీ కొరకు ప్రతిపాదనలు కోరి, స్పీడీనే ప్రాతిపదికగా తీసుకున్నది.

హెచ్‌టీటీపీ/2 ప్రమాణం 2015 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 7540గా వెలువడింది. ఇందులో అభ్యర్థనల అర్థం మారలేదు. చిరునామాలు, పద్ధతులు, 404 వంటి సంఖ్యలు అన్నీ పాతవే. మారినది వాటిని తీగపై పంపే తీరు మాత్రమే. పాత హెచ్‌టీటీపీ మనిషి చదవగలిగే పాఠ్యం. కొత్తది ద్వియాంశ రూపంలోని ఫ్రేములు. ప్రతి ఫ్రేము ముందు తొమ్మిది బైట్ల శీర్షిక ఉంటుంది. అందులో ఈ ముక్క ఏ ప్రవాహానికి చెందినదో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఉండుట చేత వేరు వేరు ఫైళ్ళ ముక్కలు ఒకే అనుసంధానంపై కలిసిపోయి ప్రయాణించి, అవతల మళ్ళీ విడివడతాయి. ఆరు కౌంటర్ల అవసరం ఇక లేదు. పైన చెప్పిన అతుకులలో చాలావాటికి కాలం చెల్లింది. ముఖ్యంగా ఉపడొమైన్లకు పంచే ఉపాయం ఇప్పుడు మేలు కంటే కీడే చేస్తుంది, ఎందుకంటే ప్రతి కొత్త డొమైనుకు మళ్ళీ మొదటి నుండి అనుసంధానం కుదుర్చుకోవలసి వస్తుంది.

మరొక ముఖ్యమైన మార్పు హెడర్ల కుదింపు. ప్రతి అభ్యర్థనతోను బ్రౌజరు పేరు, భాష, కుకీలు మొదలైనవి మళ్ళీ మళ్ళీ వెళుతుంటాయి. స్పీడీ వీటిని సాధారణ జిప్ పద్ధతిలో కుదించేది. 2012 సెప్టెంబరులో జూలియానో రిజ్జో, థాయ్ డుయాంగ్ అనే పరిశోధకులు ఈ కుదింపును ఆసరా చేసుకొని రహస్య కుకీలను కొద్దికొద్దిగా ఊహించవచ్చునని చూపారు. ఈ దాడికి క్రైమ్ అని పేరు. అందువలన హెచ్‌టీటీపీ/2 కొరకు హెచ్‌ప్యాక్ అనే వేరే పద్ధతిని తయారు చేశారు. ఒకసారి పంపిన హెడరును ఇరుపక్షాలూ ఒక పట్టికలో వ్రాసుకుంటాయి. తరువాతి సారి దాని వరుస సంఖ్యను మాత్రమే పంపితే సరిపోతుంది. సాధారణంగా కనిపించే 61 హెడర్లు ముందుగానే పట్టికలో ఉంటాయి.

తెలుగు పేజీలకు దీనితో ప్రత్యేకమైన ప్రయోజనం ఉన్నది. యూనికోడు యూటీఎఫ్-8 రూపంలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. చిరునామాలో వ్రాసేటప్పుడు ప్రతి బైటు ఒక శాతం గుర్తు, రెండు అంకెలుగా మారుతుంది. అనగా ఒక్క సంకేతం తొమ్మిది అక్షరాల పొడవు అవుతుంది. "ఆంధ్రప్రదేశ్" అనే శీర్షికలో ఒత్తులు, గుణింతాలతో కలిపి పన్నెండు సంకేతాలు ఉన్నాయి. కంటికి చిన్న మాటే గానీ చిరునామాలో అది 108 అక్షరాలు. ఆ పేజీ నుండి అదే సైటులోని ప్రతి స్క్రిప్టును, ప్రతి బొమ్మను అడిగేటప్పుడు, ఎక్కడి నుండి అడుగుతున్నదీ తెలిపే హెడరులో సాధారణంగా ఈ 108 అక్షరాలు మళ్ళీ వెళుతాయి. హెచ్‌టీటీపీ/1.1లో ప్రతిసారీ మొత్తం పంపవలసిందే. హెచ్‌ప్యాక్‌లో మొదటిసారి తప్ప తక్కినప్పుడు ఒకటి రెండు బైట్లతో సరి. పేజీలోని పాఠ్యం మాటకు వస్తే, ప్రతి తెలుగు సంకేతంలోను మొదటి బైటు ఒకటే, రెండవది రెండింటిలో ఒకటి కనుక, జిప్, బ్రాట్లీ వంటి కుదింపులు దానిని బాగానే తగ్గిస్తాయి. ఈ సౌకర్యం పాత 1.1లోను ఉన్నది.

సంకేత భద్రత అనే ద్వారము

హెచ్‌టీటీపీ/2 ప్రమాణం సంకేత భద్రతను తప్పనిసరి చేయలేదు. ఆ విషయమై కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. కానీ ప్రధాన బ్రౌజర్లన్నీ టీఎల్‌ఎస్ ఉన్న అనుసంధానాలపైనే దీనిని అమలు చేశాయి. కాగితంపై ఐచ్ఛికమైనది ఆచరణలో తప్పనిసరి అయింది. వార్నిష్ అనే సర్వరు సాఫ్ట్‌వేరు రచయిత పౌల్-హెన్నింగ్ కాంప్ 2015 జనవరిలో ఈ ప్రమాణాన్ని తీవ్రంగా విమర్శించాడు. అవసరం లేని సైట్లకు కూడా అదనపు గణన భారం మోపుతున్నారని, కుకీల వంటి అసలైన గోప్యతా సమస్యలను తాకలేదని అతని వాదన. అయితే 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన నిఘా వివరాల తరువాత గాలి బ్రౌజర్ల వైపే వీచింది. దారిలోని పాత ప్రాక్సీలు కొత్త ఫ్రేములను చూసి తికమక పడకుండా ఉండటానికి కూడా సంకేత భద్రతే సులువైన మార్గం.

దీనితో చిన్న సైట్ల ముందు ఒక ఖర్చు నిలిచింది. టీఎల్‌ఎస్‌కు సర్టిఫికెట్ (ధ్రువపత్రం) కావాలి. దానిని కొనాలి, గడువు తీరే ముందు మళ్ళీ కొనాలి. లాభాపేక్ష లేని ఐఎస్ఆర్‌జీ సంస్థ నడిపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు 3న అందరికీ తెరుచుకుని, సర్టిఫికెట్లను ఉచితంగా, యంత్రమే స్వయంగా తెచ్చుకునేలా ఇవ్వడం మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరి నాటికి అది జారీ చేసినవి 100 కోట్లకు చేరాయి. హెచ్‌టీటీపీ/2 వ్యాప్తికి కారకులెవరని అడిగితే, ఆ నియమావళితో నేరుగా సంబంధం లేని ఈ సంస్థ పేరును ముందు వరుసలోనే చెప్పవలసి ఉంటుంది. 2018 జూలైలో వచ్చిన క్రోమ్ 68 సంకేత భద్రత లేని ప్రతి సైటునూ సురక్షితం కాదని చూపసాగింది. అప్పటికి మిగిలిన యజమానులు సైతం కదిలారు.

వికీమీడియా ప్రాజెక్టులు 2015 జూన్ నెలలో పూర్తిగా టీఎల్‌ఎస్‌కు మారాయి. 2016లో వాటి సర్వర్లు హెచ్‌టీటీపీ/2ను అందించసాగాయి. తెలుగు వికీపీడియాకు ప్రత్యేకమైన సర్వర్లు లేవు. అన్ని భాషలూ అవే యంత్రాలపై నడుస్తాయి కాబట్టి ఆంగ్ల వికీపీడియాతో పాటే ఇది కూడా మారింది. పెద్ద గొడుగు క్రింద ఉన్న చిన్న భాషకు కలిగే లాభం ఇది.

సర్వర్ల మార్పు, ఒక అవాంతరము

2015 సెప్టెంబరులో ఎన్‌జినెక్స్ 1.9.5, అక్టోబరులో అపాచీ 2.4.17 హెచ్‌టీటీపీ/2ను చేర్చుకున్నాయి. మైక్రోసాఫ్ట్ తన ఐఐఎస్ సర్వరులో విండోస్ సర్వర్ 2016తో దీనిని అందించింది. అదే 2015 డిసెంబరులో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన వాడుకరులందరికీ, ఉచిత ఖాతాలతో సహా, దీనిని తెరిచింది. కంటెంట్ డెలివరీ నెట్‌వర్కు (సీడీఎన్) అనబడే ఇటువంటి పంపిణీ సంస్థలు పాఠకుడికీ అసలు సర్వరుకూ మధ్య నిలబడి పేజీలను అందిస్తాయి. వెనుక ఉన్న సర్వరు ఎంత పాతదైనా పాఠకుడి వరకు వచ్చే దారి మాత్రం కొత్తదవుతుంది.

కొత్త సాఫ్ట్‌వేరు సిద్ధంగా ఉండి కూడా సైట్లు వెనక్కి జారిన ఉదంతం 2016లో జరిగింది. బ్రౌజరు, సర్వరు ఏ నియమావళిలో మాట్లాడుకోవాలో టీఎల్‌ఎస్ కరచాలనంలోనే తేల్చుకుంటాయి. దీనికి స్పీడీ కాలంలో ఎన్‌పీఎన్ అనే పద్ధతి ఉండేది. 2014 జూలైలో ఏఎల్‌పీఎన్ అనే ప్రమాణం దాని స్థానంలో వచ్చింది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే గ్రంథాలయం (లైబ్రరీ) 1.0.2 సంచిక నుండి మాత్రమే ఏఎల్‌పీఎన్‌ను ఎరుగును. అప్పటికి విస్తారంగా వాడుకలో ఉన్న ఉబుంటు 14.04, డెబియన్ 8, సెంట్‌ఓఎస్ 7 వంటి లినక్స్ పంపిణీలలో ఉన్నది 1.0.1. ఎన్‌పీఎన్ ఉన్నంత కాలం వాటిపై హెచ్‌టీటీపీ/2 నడిచింది. 2016 మే నెలలో వచ్చిన క్రోమ్ 51 స్పీడీతో పాటు ఎన్‌పీఎన్‌ను కూడా తొలగించింది. దానితో ఆ సర్వర్లపై ఉన్న సైట్లు క్రోమ్ వాడుకరులకు హెచ్‌టీటీపీ/1.1కు పడిపోయాయి. సైటులో ఎవరూ ఏమీ మార్చలేదు, ఏ దోషమూ కనబడలేదు. పేజీ మామూలుగానే తెరుచుకునేది, కాకపోతే నిదానంగా. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చడమో, గ్రంథాలయాన్ని విడిగా నిర్మించుకోవడమో తప్ప యజమానులకు వేరే దారి లేకపోయింది. వెబ్ ఎంత కొద్ది మెట్లపై నిలబడి ఉన్నదో ఈ ఘటన చూపినంతగా మరేదీ చూపలేదు.

ఫలించని భాగములు

హెచ్‌టీటీపీ/2లో ఎక్కువ ప్రచారం పొందిన అంశం సర్వర్ పుష్. బ్రౌజరు అడగకముందే, తరువాత ఏమి అడుగుతుందో ఊహించి సర్వరే పంపడం దీని ఉద్దేశం. ఆచరణలో సర్వరు పంపినవి చాలాసార్లు బ్రౌజరు వద్ద ముందే భద్రపరచి ఉండేవి. వాడినవారూ తక్కువే. 2022లో క్రోమ్ 106 దీనిని ఆపివేసింది, 2024లో ఫైర్‌ఫాక్స్ తొలగించింది. "ఇవి నీకు అవసరమవుతాయి, అడగదలచుకుంటే అడుగు" అని ముందుగా సూచన మాత్రమే పంపే 103 సంఖ్య గల జవాబు దీని స్థానాన్ని కొంతవరకు తీసుకున్నది. ఏ ఫైలు ముందు, ఏది వెనుక అని నిర్ణయించే ప్రాధాన్యతా వృక్షం కూడా మరీ క్లిష్టమై నిలవలేదు. 2022 జూన్ నాటి సవరణలో దానిని విడిచిపెట్టి సులభమైన పద్ధతిని ప్రవేశపెట్టారు.

క్విక్ మరియు హెచ్‌టీటీపీ/3

హెచ్‌టీటీపీ/2 వరుసలను కలిపింది గానీ, వాటి కింద ఉన్న టీసీపీని మార్చలేదు. టీసీపీ దృష్టిలో అంతా ఒకే బైట్ల ధార. ఒక ప్యాకెట్ దారిలో పోతే అది మళ్ళీ వచ్చేవరకు వెనుక వచ్చినవన్నీ, అవి వేరే ఫైళ్ళకు చెందినవే అయినా, ఆగిపోతాయి. పాత పద్ధతిలో ఆరు అనుసంధానాలలో ఒకటే ఆగేది. కొత్త పద్ధతిలో ఉన్న ఒక్కటీ ఆగుతుంది. ప్యాకెట్లు ఎక్కువగా పోయే మొబైల్ నెట్‌వర్కులపై హెచ్‌టీటీపీ/2 కొన్నిసార్లు పాతదాని కంటే నెమ్మదించడానికి కారణం ఇదే.

టీసీపీని మార్చడం తేలిక కాదు. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉంటుంది. దారి పొడవునా ఉన్న ఫైర్‌వాళ్ళు, ఇతర పెట్టెలు తమకు తెలిసిన టీసీపీ నుండి ఏ కొంచెం తేడా కనబడినా ప్యాకెట్లను పారవేస్తాయి. అందువలన గూగుల్‌లో జిమ్ రోస్కిండ్ 2012లో రూపకల్పన మొదలుపెట్టిన క్విక్ అనే నియమావళి, టీసీపీని వదలి యూడీపీపై నడుస్తుంది. యూడీపీ కేవలం ప్యాకెట్లను మోసే బండి వంటిది. నమ్మకంగా చేర్చడం, రద్దీని గమనించడం, సంకేత భద్రత వంటి పనులన్నీ క్విక్ తానే చేసుకుంటుంది. 2013లో ఇది బహిరంగమైంది. 2016లో ఐఈటీఎఫ్ దీనిపై కార్యవర్గాన్ని ఏర్పరచింది. గూగుల్ నమూనాను చాలా వరకు తిరగవ్రాసి 2021 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రచురించింది. క్విక్‌పై నడిచే హెచ్‌టీటీపీకి 2018 నవంబరులో హెచ్‌టీటీపీ/3 అని పేరు స్థిరపడింది. దాని ప్రమాణం 2022 జూన్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 9114.

క్విక్‌లో ఒక ప్రవాహపు ప్యాకెట్ పోతే ఆ ప్రవాహమే ఆగుతుంది. అనుసంధానము, సంకేత భద్రత రెండూ ఒకే రానుపోనులో కుదురుతాయి. ఇంతకుముందు పరిచయం ఉన్న సర్వరైతే మొదటి ప్యాకెట్‌తోనే ప్రశ్న పంపవచ్చును. అయితే అటువంటి తొలి ప్యాకెట్‌ను దొంగ పట్టుకుని మళ్ళీ పంపే ప్రమాదం ఉండటం వలన, డబ్బు బదిలీ వంటి అభ్యర్థనలకు ఇది పనికిరాదు. ఇంకొక సౌకర్యం, అనుసంధానానికి ఐపీ చిరునామాతో నిమిత్తం లేని గుర్తింపు సంఖ్య ఉండటం. ఇంట్లోని వైఫై నుండి వీధిలోకి రాగానే ఫోను మొబైల్ నెట్‌వర్కుకు మారుతుంది, చిరునామా మారుతుంది. టీసీపీ అయితే అక్కడితో తెగిపోతుంది. క్విక్‌లో అదే అనుసంధానం కొనసాగగలదు.

బ్రౌజరుకు ఒక సైటు హెచ్‌టీటీపీ/3ను ఎరుగునని ముందుగా తెలియదు. సాధారణంగా మొదటిసారి టీసీపీపైనే వెళ్ళి, జవాబులోని ఒక హెడరు ద్వారా ఆ సంగతి తెలుసుకుంటుంది. డీఎన్ఎస్ నమోదులోనే ఈ వివరం చెప్పే పద్ధతి 2023 నవంబరులో ప్రమాణమైంది. కొన్ని కార్యాలయాల ఫైర్‌వాళ్ళు యూడీపీని అడ్డుకుంటాయి కాబట్టి, బ్రౌజర్లు క్విక్ కుదరకపోతే టీసీపీకి తిరిగివచ్చే ఏర్పాటును విడిచిపెట్టలేదు.

ఎవరికి ఎంత మేలు

2017లో గూగుల్ ఇంజనీర్లు సిగ్‌కామ్ సదస్సులో ప్రచురించిన పత్రంలో క్విక్ ఫలితాలను దేశాల వారీగా ఇచ్చారు. ఇవి ప్రమాణం కాకముందున్న గూగుల్ నమూనా లెక్కలు. వాటి ప్రకారం సగటు కనిష్ఠ రానుపోను సమయం దక్షిణ కొరియాలో 38, అమెరికాలో 50, భారతదేశంలో 188 మిల్లీసెకండ్లు. మళ్ళీ పంపవలసి వచ్చిన ప్యాకెట్లు వరుసగా 1, 2, 8 శాతం. కంప్యూటర్లపై గూగుల్ శోధనలో ఆలస్యం దక్షిణ కొరియాలో 1.3 శాతం, అమెరికాలో 3.4 శాతం తగ్గగా భారతదేశంలో 13.2 శాతం తగ్గింది. యూట్యూబ్ వీడియో మధ్యలో ఆగిపోవడం కంప్యూటర్లపై కొరియాలో ఏమాత్రం మారలేదు, అమెరికాలో 4.1 శాతం, భారతదేశంలో 22.1 శాతం తగ్గింది.

ఈ అంకెల వెనుక ఉన్న లెక్క సులభమైనది. 188 మిల్లీసెకండ్ల దూరంలో ఉన్న సర్వరుతో టీసీపీ, టీఎల్‌ఎస్ 1.2 పద్ధతిలో ప్రశ్న అడగడానికి ముందే మూడు రానుపోనులకు 564 మిల్లీసెకండ్లు పోతాయి. టీఎల్‌ఎస్ 1.3 (2018) ఒక రానుపోనును తగ్గించి దానిని 376 చేసింది. క్విక్‌లో 188 మాత్రమే. 38 మిల్లీసెకండ్ల దూరంలో ఉన్నవారికి ఇదే ఆదా 76 మిల్లీసెకండ్లు, అది మనిషికి తెలియను కూడా తెలియదు. ఆ పత్రం వచ్చిన తరువాత భారతదేశంలో 4జీ విస్తరించింది, 2022 అక్టోబరులో 5జీ మొదలైంది. నెట్‌వర్కులు బాగుపడిన కొద్దీ ఈ అంకెలలో తేడా తగ్గుట సహజము.

దూరాన్నే తగ్గించడం రెండవ మార్గం. 2018లో వికీమీడియా ఫౌండేషన్ ఆసియా పాఠకుల కొరకు సింగపూరులో కాష్ కేంద్రాన్ని ప్రారంభించింది. దగ్గరలో సర్వరు ఉంటే పాత నియమావళి కూడా చురుకుగానే కనిపిస్తుంది. రెండూ లేని సైట్ల పాఠకులే నిజంగా నష్టపోతున్నవారు. దూరదేశంలో చవకగా దొరికే ఒకే సర్వరుపై, ఎన్నడో అమర్చి వదిలివేసిన సాఫ్ట్‌వేరుతో నడిచే చిన్న సైట్లు ఈ కోవకు చెందుతాయి.

హెచ్‌టీటీపీ/3కు ఎదురైన అడ్డంకులు

బ్రౌజర్ల వైపు పని త్వరగానే సాగింది. క్రోమ్ 2020లోను, ఫైర్‌ఫాక్స్ 2021లోను, సఫారీ 2022లోను దీనిని అందరికీ తెరిచాయి. క్లౌడ్‌ఫ్లేర్ 2019 సెప్టెంబరులోనే ముసాయిదా రూపాన్ని అందించింది. తమ ట్రాఫిక్‌లో 75 శాతానికి పైగా క్విక్, హెచ్‌టీటీపీ/3లపై నడుస్తున్నదని ఫేస్‌బుక్ 2020 అక్టోబరులో తెలిపింది.

సొంత సర్వరు నడుపుకునేవారి సంగతి వేరు. చాలా సర్వర్లు ఆధారపడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో క్విక్‌కు అవసరమైన అమరిక లేదు. దానిని చేర్చమని వచ్చిన ప్రతిపాదనను పక్కన పెట్టి, ఆ ప్రాజెక్టు నిర్వాహకులు క్విక్‌ను తామే మొత్తం వ్రాస్తామని 2021లో నిర్ణయించారు. ఆగలేక ఆకమాయ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు క్విక్‌టీఎల్‌ఎస్ అనే చీలికను నిలిపాయి. ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.2 (2023 నవంబరు) క్లయింటు వైపు మాత్రమే క్విక్‌ను తెచ్చింది. సర్వరు వైపు రావడానికి 2025 ఏప్రిల్ నాటి 3.5 వరకు పట్టింది. ఈలోగా ఎన్‌జినెక్స్ 2023 మే నెలలో 1.25.0తో ప్రయోగాత్మకంగా హెచ్‌టీటీపీ/3ను చేర్చింది. క్యాడీ సర్వరు 2022లోనే దానిని అప్రమేయంగా ఇచ్చింది. కానీ పంపిణీ సంస్థల వాడుకరులు ఒక మీట నొక్కి పొందిన దానిని, సొంత సర్వర్ల వారు గ్రంథాలయాలు నిర్మించుకుని, యూడీపీ 443 ద్వారాన్ని ఫైర్‌వాలులో తెరుచుకుని పొందవలసి వచ్చింది.

గణన భారం మరొక అడ్డంకి. టీసీపీ పనిని కెర్నెలు, నెట్‌వర్కు కార్డు ఎన్నో ఏళ్ళుగా మెరుగుపడిన పద్ధతిలో చేస్తాయి. క్విక్ పని మామూలు ప్రోగ్రాము చేస్తుంది. గూగుల్ పత్రం ప్రకారం మొదట్లో దీనికి టీసీపీ కంటే 3.5 రెట్లు ప్రాసెసరు సమయం పట్టేది, మెరుగుపరచిన తరువాత సుమారు రెండింతలు.

హెచ్‌టీటీపీ/2 భద్రతకు పెద్ద పరీక్ష 2023 ఆగస్టులో వచ్చింది. ఒక అనుసంధానంపై అనేక అభ్యర్థనలు తెరిచి, జవాబు కొరకు ఆగకుండా వెంటనే రద్దు చేస్తూ పోతే, ఏకకాలంలో ఇన్నే అనే పరిమితి ఎన్నడూ అడ్డురాదు. సర్వరు మాత్రం ప్రతిదానికీ పని మొదలుపెట్టి అలసిపోతుంది. ర్యాపిడ్ రీసెట్ అనే ఈ దాడిని అక్టోబరు 10న బయటపెట్టారు. గూగుల్ చూసిన దాడి సెకనుకు 39.8 కోట్ల అభ్యర్థనలకు, క్లౌడ్‌ఫ్లేర్ చూసినది 20.1 కోట్లకు చేరింది. దాదాపు అన్ని సర్వరు సాఫ్ట్‌వేర్లనూ సవరించవలసి వచ్చింది. ఇంతటి తాకిడిని తట్టుకోగలిగినవి పెద్ద సంస్థలే కావడంతో, చిన్న సైట్లు వాటి గొడుగు క్రిందికి చేరడానికి ఇది మరొక కారణమైంది.

వ్యాప్తిని లెక్కించుట

ఈ నియమావళులు ఎంతవరకు వ్యాపించాయి అన్న ప్రశ్నకు, దేనిని లెక్కిస్తున్నారు అన్నదానిని బట్టి వేరు వేరు జవాబులు వస్తాయి. హెచ్‌టీటీపీ ఆర్కైవ్ ప్రాజెక్టు వార్షిక నివేదికలో అభ్యర్థనలను లెక్కిస్తుంది. దాని ప్రకారం 2020లో 64 శాతం అభ్యర్థనలు హెచ్‌టీటీపీ/2పై జరిగాయి. 2021లో హెచ్‌టీటీపీ/2 లేదా అంతకంటే కొత్తవి 73 శాతం. వెబ్‌సైట్లను లెక్కించే సర్వేలలో ఈ శాతాలు తక్కువగా కనిపిస్తాయి. ఒక పాత సైటు పేజీలో కూడా ఫాంట్లు, ప్రకటనలు, వీడియోలు, గణాంకాల స్క్రిప్టులు పెద్ద సంస్థల సర్వర్ల నుండి వస్తాయి. ఆ అభ్యర్థనలన్నీ కొత్త పద్ధతిలో నడుస్తాయి, సైటు తన సొంత పుటను మాత్రం హెచ్‌టీటీపీ/1.1లోనే పంపుతూ ఉండవచ్చును. అటువంటి సైటు మొదటి లెక్కలో చాలావరకు ఆధునికము, రెండవ లెక్కలో పాతది.

హెచ్‌టీటీపీ/3 విషయంలో లెక్క ఇంకా జారుడుగా ఉంటుంది. మొదటి సందర్శనలో బ్రౌజరు తరచు టీసీపీపై వెళుతుంది కాబట్టి, ప్రతి సైటునూ ఒక్కసారే తెరిచి చూసే సర్వే యంత్రానికి అది సరిగా కనబడదు. సైటు ఆ నియమావళిని ప్రకటిస్తున్నదా అన్నది ఒక అంకె, నిజంగా దానిపై ఎంత సమాచారం వెళుతున్నది అన్నది మరొక అంకె. ఏ సైటు ఏ నియమావళిలో వస్తున్నదో ఎవరైనా స్వయంగా చూడవచ్చును. బ్రౌజరులోని డెవలపర్ పరికరాలను తెరిచి నెట్‌వర్కు పట్టికలో ప్రోటోకాల్ అనే నిలువు వరుసను చేర్చుకుంటే, ప్రతి ఫైలు పక్కన హెచ్2 లేదా హెచ్3 అనే గుర్తు, పాత పద్ధతి అయితే 1.1 అనే సంఖ్య కనబడతాయి. హెచ్3 గుర్తు కొరకు పేజీని రెండవసారి తెరిచి చూడవలసి రావచ్చును.